ఆకుకి మొహం ఎటు?

ఆ వానాకాలంలో ఆకు మీద మొదటి గీతను చూసింది నేనే. చూసి, చూడనట్టు పక్క మడిలోకి వెళ్ళిపోయాను. నేను పుట్టు పిరికిదాన్ని. కళ్ళు మూసుకుంటే కష్టం దానంతటదే పక్కింటికి పోతుందని చిన్నప్పటి నుంచీ నా నమ్మకం. పక్కింటివాళ్ళంటే నాకేమీ కోపం లేదు, అది వేరే సంగతి.

మర్నాడు అదే గీత నాన్న కంటపడింది.

మాది ఫెర్న్ తోట. పూలగుత్తుల్లో పూల వెనక నిలబడే పచ్చటి ఆకు ఉంటుంది చూడండి, పెళ్ళికైనా చావుకైనా వచ్చి ఎవరి కళ్ళలోనూ పడకుండా వాడిపోయే ఆకు, అదే మాకు తిండి పెట్టేది. ఇంటి వెనక నల్లటి వల కప్పిన పొడుగాటి పందిరి, దాని కింద పదకొండు మడులు. ఇంట్లో నాన్న, నాన్నకి అక్క అయిన మా అత్త, నేను. అంతే మనుషులం.

నాన్న ఆ ఆకును తెంపి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ఆకు లోపల తెల్లటి సన్నని దారి. వంకరటింకరగా మొదలై, పోనుపోను వెడల్పవుతూ ఒక చోట ఆగింది. ఆగిన చోట నూకలో సగమంత పసుపుపచ్చటి ప్రాణి మెల్లగా తల ఆడిస్తోంది.

"ఈగ పిల్ల," అన్నాడు. "రెండు పొరల మధ్య దూరి తినుకుంటూ పోతోంది."

"మందు కొడితే పోదా నాన్నా?"

"ఏ ఈగో తెలియాలి కదమ్మా ముందు. మన ఈగైతే నాలుగాకులు తిని దాని దారిన అది పోతుంది. నా చిన్నప్పుడూ వచ్చింది. బయటి ఈగైతే..."

మిగతాది చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆ వేసవిలోనే కాలువ అవతల ఇద్దరి ఫెర్న్ తోటలను మొక్కల తనిఖీ ఆఫీసువాళ్ళు వేళ్ళతో సహా తవ్వించి తగలబెట్టించారు. బయటి ఈగ ఒక్క మడిలో తేలినా తోటంతా పోవాల్సిందే, మూడేళ్ళ దాకా ఆ నేలలో ఆకు మొలవకూడదు. ఆ ఇద్దరిలో ఒకాయన ఇప్పుడు ఊళ్ళో ఎవరిదో గోదాము ముందు కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నాడు. మొదట్లో నాన్న ఆయన కనబడితే సైకిలు దిగి మాట్లాడేవాడు. తరువాత ఆ దారిన వెళ్ళడమే మానేశాడు.

దాచిపెడితే ఇంకా పెద్ద నేరం. అందుకని నాన్నే ఫోన్ చేసి చెప్పాడు.

తనిఖీకి వచ్చినావిడ నా వయసుదే. వానకోటు, భుజాన సంచి, సంచి నిండా కాగితాలు. ఆవిడ గేటు దాటక ముందే మా అత్త ఆవిడకి కాగితాలమ్మ అని పేరు పెట్టేసింది. అత్త పెట్టిన పేరు ఎవరికైనా జిగురులా అంటుకుపోతుంది, ఇక ఊడదు.

కాగితాలమ్మ మూడో మడిలో పది ఆకులు కోసి ప్లాస్టిక్ కవర్లో వేసుకుంది. ఆ మడి తోటలోకెల్లా పాతది. తాతయ్య చేత్తో పెట్టిన దుబ్బులు అందులోనే ఉన్నాయి. మిగతా పది మడులూ వాటి పిల్లలే.

"పిల్లలుగా ఉన్నప్పుడు ఆ రెండు ఈగలూ అచ్చం ఒకేలా ఉంటాయండీ," అంది నాన్నతో. "తేడా తరువాత తెలుస్తుంది. మన ఈగ పురుగు ఆకులోనే ఉండి, ఆకులోనే గింజలా గట్టిపడి, అక్కణ్ణుంచే ఎగిరిపోతుంది. బయటిది కడుపు నిండగానే ఆకు చించుకుని నేలమీదికి దూకేస్తుంది. ల్యాబులో చూసి చెప్తారు. ఈ ఫారంలో రెండో పేజీ మీరు నింపాలి. ఈలోగా నేను మడులు కొలుచుకుంటాను."

నాన్న ఫారం నాకిచ్చాడు. "చదువుకున్నదానివి, నువ్వు రాయి."

వాన పందిరి మీద దడదడా కొడుతోంది. ఒక తడి ఆకును ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొక్క వయసు, నీళ్ళు ఎన్నిసార్లు, ఏ ఎరువు. ఏడో ప్రశ్న: గీత ఆకుకి ఏ వైపున స్పష్టంగా కనబడుతోంది, ముందు వైపా, వెనక వైపా? మా ఇంట్లో ఎవరి చేతికి ఆకు వచ్చినా ముందు తిప్పి మొహం చూస్తాం. చుక్కలు నిండాయా, రంగు తిరిగాయా, పొడి రాలుతోందా, ఆకు ఈడు ఎంతో మొహంలోనే తెలిసిపోతుంది. అలవాటుగా మొహం చూశాను. గీత ఆనవాలు లేదు. తిప్పాను. ముగ్గు వేసినంత స్పష్టంగా ఉంది. "వెనక వైపు" అని రాశాను. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని బడిలో పేరు. ఆ రెండు మాటలూ ముత్యాల్లాగే ఉన్నాయి.

అక్కణ్ణుంచి పన్నెండు రోజులు మా ఇంట్లో ఎవరూ నిండుగా ఊపిరి పీల్చలేదు. నాన్న తినడం మానేశాడని అనలేను, కంచం ముందు కూర్చునేవాడు. మెతుకులతో కంచంలోనే గీతలు గీసి లేచిపోయేవాడు. గేటు చప్పుడైతే ముగ్గురం మూడు చోట్ల నిలబడిపోయేవాళ్ళం. నాకైతే ఎక్కడ చూసినా గీతలే. గోడ మీద నత్త పాకిన జాడ చూసినా, అత్త అరిచేయి చూసినా చివర పురుగు ఉందేమోనని వెతికేదాన్ని.

కాగితాలమ్మ చెప్పింది విని నాన్న తనే పరీక్ష పెట్టాడు. గాజు సీసా అడుగున తెల్లకాగితం పరిచి, గీతలున్న ఆకులు నాలుగు వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టాడు. పురుగు కిందికి దూకితే తెల్లకాగితం మీద కనబడాలి. కానీ ఆ వానకి ఆకులు మూడో రోజుకే బూజు పట్టాయి, పురుగులు చచ్చాయి. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ బూజే. మూడోసారి కాడలకి తడి దూది చుట్టి, గాలాడేలా పెట్టాడు. అది పెట్టిన మర్నాడే రిపోర్టు వచ్చింది.

కాగితాలమ్మ ఈసారి చెప్పుల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని వచ్చింది. మా మట్టి ఇంకో తోటకి అంటుకోకూడదని.

"క్షమించండి," అంది గుమ్మం దగ్గరే నిలబడి. "బయటి ఈగే అని రాశారు. పురుగు కనబడిన మడి ఇవాళే తీసేయాలి. మిగతా పదీ సోమవారం. మనుషులు వస్తారు."

"ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది మీ వరస," అంది అత్త. "నాలుగు పురుగుల కోసం తోటంతానా తల్లీ?"

"నా చేతుల్లో ఏమీ లేదు పెద్దమ్మా."

నాన్న తన చేతుల వంక చూసుకున్నాడు. "మూడో మడి నేను తీస్తాను. మీ మనుషులు వద్దు," అన్నాడు. ఆవిడ సరేనంది. రిపోర్టు నా చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయింది.

నాన్న పందిట్లోకి వెళ్ళాడు. పలుగు నేలలో దిగుతున్న చప్పుడు వంటింట్లోకి వినిపిస్తోంది. నేను బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు చదివాను. పురుగులు కుళ్ళిన స్థితిలో అందినందున పరీక్ష పూర్తిగా జరపలేకపోయామనీ, అయితే గీత ఆకు వెనక వైపున ఉన్నట్టు తోట యజమాని తెలిపినందున, మన ఈగ ఎప్పుడూ ముందు వైపునే గీస్తుంది గనుక, ఇది బయటి ఈగగా నిర్ణయించడమైనదనీ ఉంది.

కాగితం తిప్పాను. వెనక ఒక బొమ్మ అచ్చువేసి ఉంది. ఫెర్న్ ఆకు రెండు వైపులా. ఆకాశాన్ని చూసే నున్నటి వైపు కింద "ముందు" అని ఉంది. నేలను చూసే వైపు, చుక్కలు చుక్కలుగా విత్తనపు పొడి ఉండే వైపు, మేం మొహం అనే వైపు, దాని కింద "వెనక" అని ఉంది.

మళ్ళీ చదివాను. బొమ్మను తలకిందులుగా తిప్పి చూశాను. ఎలా తిప్పినా అది అలాగే ఉంది. ల్యాబువాళ్ళు తప్పు చేయలేదు, ఈగ తప్పు చేయలేదు. రాసింది నేను. ముత్యాల్లాంటి అక్షరాలతో మా తోటకి మరణశాసనం రాసి సంతకం పెట్టింది నేను.

కాగితం పట్టుకుని పందిట్లోకి పరుగెత్తాను. ఇంకా ఆలస్యం కాలేదు. దుబ్బులు పెకలించి ఖాళీ జాగాలో కుప్ప పోశాడు గాని, ఇంకా ముట్టించలేదు. వేళ్ళకి మట్టి పచ్చిగా ఉంది. మళ్ళీ పాతిపెడితే బతికేవి. నాన్న ఎండుగడ్డి మీద కిరసనాయిలు పోసి, అగ్గిపెట్టె తీసి, నన్ను చూశాడు.

నోరు తెరిచాను. చెప్పాల్సింది రెండు ముక్కలు. నాన్నా, ఆగు. అంతే. కానీ ఆ రెండు ముక్కల వెనక మూడోది ఉంది, నేనే రాశాను అని. ఆ క్షణంలో నేను భయపడింది తోట పోతుందని కాదు. నాన్న నన్ను ఎలా చూస్తాడోనని.

నాన్న అగ్గిపుల్ల గీశాడు. ఆరిపోయింది. నన్ను చూశాడు. ఇంకొకటి గీశాడు. అదీ ఆరిపోయింది. వాన తడి కదా అనుకున్నాను. మళ్ళీ నన్ను చూశాడు.

"గాలి ఇటు కొడుతోంది నాన్నా, జాగ్రత్త," అన్నాను.

మూడోది అంటుకుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చున్నాం. నాన్న చేతులు ఎంత కడిగినా పొగ వాసన పోలేదు. సోమవారానికి ఇంకా మూడు రోజులు. పది మడులు. ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే ఇక జన్మలో విప్పనని నాకు తెలుసు.

"నాన్నా, ఆకుకి మొహం ఎటు?"

"అదేం ప్రశ్న?" అన్నాడు. "చుక్కలున్న వైపు."

"అందరికీనా?"

రిపోర్టు తిప్పి బొమ్మ చూపించాను. ఫారంలో నేనేం రాశానో చెప్పాను. "ఇప్పుడే చూశాను," అన్నాను. ఆ ఒక్క మాటా అబద్ధం.

అత్త చేతిలో గరిటె గిన్నెలో పడింది. "చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదేనే!" అంది. తరువాత తనే నోటిమీద చేయి వేసుకుంది. "కాదు కాదు, నిన్నని ఏం లాభం. ఒరేయ్ తమ్ముడూ, లోకమంతా పైదాన్నే ముందు అంటార్రా. మొహమన్నది నువ్వు పెట్టిన పేరు. నీకు నాలుగేళ్ళు. ఆకు తిరగేసి, ఆ చుక్కలు చూసి, 'ఇన్ని కళ్ళున్నాయి, ఇదే మొహం' అన్నావు. మన నాన్న పడీపడీ నవ్వాడు. ఆ సాయంత్రం నుంచి ఆయనా అదే మాట. ఇక ఇంట్లో అందరం..."

నాన్న అన్నం కలుపుతున్న చేయి ఆగిపోయింది. అరవై ఏళ్ళ మనిషి. ఇంతకాలం తను పలికింది పసిమాట అని అప్పుడే తెలిసినట్టుంది. నేను తిట్టు కోసం ఎదురుచూశాను. రాలేదు. లేచి చేయి కడుక్కుని, "ఫోన్ చెయ్యమ్మా," అన్నాడు.

కాగితాలమ్మ గంటలో వచ్చింది. నాలుగో మడిలో కొత్తగా గీత పడ్డ ఆకు కోసి, అటూ ఇటూ తిప్పి, భూతద్దంతో చూసి, అక్కడే మడిగట్టు మీద కూలబడింది.

"ఆ రోజు నేనొక్కసారి చూసుంటే సరిపోయేది," అంది. "వాన, ఇంకా రెండు తోటలు తిరగాలి... మీ రాతే నమ్ముకున్నాను."

"అయితే ఆపేయండి," అన్నాను. నాన్న పెట్టిన సీసా సంగతీ చెప్పాను.

"వైపు ఒక్కటే చూపిస్తే పైవాళ్ళు ఒప్పుకోరు. ఇప్పుడు మాట మార్చారంటారు. పురుగు ఆకులోనే గట్టిపడిందని చూపించాలి. సోమవారం తెల్లారగానే మనుషులొస్తారు. ఆలోగా మీ సీసాలో ఏం జరిగితే అది." గొంతు తగ్గించి అంది, "ఒక్కటి కింద పడినా నేను ఏమీ చేయలేను."

శనివారం, ఆదివారం ఆ సీసా మా వంటింటి కిటికీలో కూర్చుని మమ్మల్ని ఏలింది. అత్త పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి తిరిగి చూసేది. నేను దగ్గరికి వెళ్ళడానికి భయపడి దూరం నుంచే చూసేదాన్ని. దూరం నుంచి చూస్తే ఏదైనా పురుగులాగే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నానికి ఆకుల్లో కదలిక ఆగిపోయింది. చచ్చాయో, గట్టిపడుతున్నాయో, దూకడానికి సిద్ధమవుతున్నాయో మాకెవరికీ తెలియదు. నాన్న మాత్రం సీసా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మిగతా పది మడులకీ మామూలుగా నీళ్ళు పెట్టాడు, పండుటాకులు ఏరాడు. మర్నాడు చావబోయేవాటికి అంత శ్రద్ధగా నీళ్ళు పెట్టడం చూడలేక నేను లోపలికి వచ్చేశాను.

సోమవారం తెల్లారి లేచేసరికి అత్త కిటికీ దగ్గర రాయిలా నిలబడి ఉంది.

"అమ్మాయ్," అంది. "కాగితం మీద ఏవో ఉన్నాయే."

ఉన్నాయి. తెల్లకాగితం మీద గోధుమరంగు చుక్కలు. ఒకటి కాదు, రెండు కాదు, వందలు. బయట అప్పుడే వ్యాను ఆగిన చప్పుడైంది. కాగితాలమ్మ ముందుగా లోపలికి వచ్చింది. ఆవిడ వెనక గేటు దగ్గర పలుగులు పట్టుకుని నలుగురు మనుషులు.

నాన్న సీసా ఎత్తి, గుడ్డ విప్పి, కాగితం బయటికి లాగాడు. వేలి కొసతో కొంచెం తీసి రెండు వేళ్ళ మధ్య నలిపాడు. పిండిలా నలిగింది.

"ఇది పురుగు కాదు. మా ఆకు పొడి," అన్నాడు. "మొహం మీంచి..." అని ఆగిపోయాడు. "కింది వైపు నుంచి రాలింది."

కాగితాలమ్మ ఆ కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి అంగుళం అంగుళం భూతద్దంతో వెతికింది. ఒక చోట అద్దం ఆగింది. సూదిమొనతో కదిపి చూసింది. ఇసుకరేణువు. తరువాత ఆకులు తీసింది. ఒక్కొక్క గీత చివరా వేలితో తడుముతూ పోయి, "ఇక్కడ ముట్టుకోండి," అని నా వేలు పట్టుకుని పెట్టింది. ఆకు చర్మం కింద నువ్వుగింజంత గట్టిగా తగిలింది. నాలుగు ఆకుల్లో ఏడు గీతలు, ఏడింటి చివరా ఏడు గింజలు. ఒక్కటి కూడా గడప దాటలేదు.

ఆవిడ బయటికి వెళ్ళి ఫోన్లో చాలాసేపు మాట్లాడింది. పది దాటాక పలుగులు మళ్ళీ వ్యానెక్కాయి. అత్త గేటు పట్టుకుని గట్టిగా ఏడ్చింది, ఏడుస్తూనే ఆ నలుగురినీ టీ తాగి వెళ్ళమని కేకేసింది. నాకు ఏడుపు రాలేదు. పది మడులు మిగిలాయని అందరూ అంటున్నారు. నాకు కాలిపోయిన ఆ మూడో మడే కనిపిస్తోంది.

వానలు తగ్గాక, ఒక సాయంత్రం నాన్న మూడో మడిలో కొత్త పిలకలు నాటుతున్నాడు. పక్క మడుల నుంచి తెచ్చినవి. తాతయ్య దుబ్బుల పిల్లల పిల్లలు. నేను అందిస్తున్నాను. ఈ మధ్య నాన్న ఆకుకి పై వైపు, కింది వైపు అనడం మొదలుపెట్టాడు. అన్నప్పుడల్లా పరాయి భాష మాట్లాడుతున్నట్టు ఉండేది.

"నాన్నా," అన్నాను. "నీకొకటి చెప్పాలి. ఆ రోజు నువ్వు ముట్టించక ముందే..."

"తెలుసు," అన్నాడు.

మట్టి అదుముతూనే ఉన్నాడు, తలెత్తలేదు.

"కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చావు. అరవై ఏళ్ళుగా మొహాలు చూసి బతుకుతున్నవాణ్ణి, నీ మొహం తెలియదా నాకు? ఏదో ఉందనుకున్నాను. మొదటి పుల్ల నేనే ఊదేశాను. చెప్తావేమోనని ఆగాను. రెండోది కూడా ఊదేశాను."

"మరి అడగొచ్చు కదా నాన్నా!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాన్న చేతులు ఆగాయి. పిలకకి ఒక్కటే ఆకు, ఇంకా సగం చుట్ట విప్పలేదు. దాన్ని మునివేళ్ళతో మెల్లగా తిప్పి, చుక్కలింకా రాని ఆ కింది వైపును చూస్తూ ఉండిపోయాడు.

"భయమేసిందమ్మా," అన్నాడు.